ఉన్ని గొర్రె, ఆరుబయలు బట్ట: మెరీనో స్టేషన్ల నుంచి దక్కన్ గొంగడి దాకా

అడవి గొర్రెకు కత్తెరతో పనిలేదు. చలికాలం గడిచేసరికి దాని బొచ్చు దానంతటదే ఊడి పొదలకూ రాళ్లకూ అంటుకుపోతుంది. మంచి ఉన్ని ఉన్న పొట్టేళ్లనూ గొర్రెలనూ మనిషి వేల ఏళ్లుగా ఏరి జతకట్టిస్తూ వచ్చాక, ఆ రాలే గుణం చాలా జాతుల్లో పోయింది. ఉన్ని పెరుగుతూనే ఉంటుంది. తీసేవాళ్లు లేకపోతే గొర్రెకు ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మార్పు ఎంత దూరం వచ్చిందో 2004లో న్యూజిలాండ్ కళ్లారా చూసింది. దక్షిణ దీవిలోని ఒటాగో ప్రాంతంలో, బెండిగో అనే గొర్రెల స్టేషన్ (పెద్ద మేపుభూమి) కొండల్లో మెరీనో జాతి పొట్టేలు ఒకటి ఆరేళ్లపాటు గుహల్లో దాక్కుంటూ కత్తిరింపుకు చిక్కకుండా తిరిగింది. పట్టుకుని తెచ్చి, దేశమంతా టీవీలో చూస్తుండగా ఉన్ని తీస్తే 27 కిలోలు తూగింది. దానికి ష్రెక్ అని పేరు పెట్టారు. 2015లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా దగ్గర దొరికిన క్రిస్ అనే మరో మెరీనో మీద 40 కిలోలకు పైగా ఉన్ని ఉంది. ఆ బరువుతో అది నడవడానికే అవస్థపడింది. మామూలుగా ఏటా కత్తిరించే మెరీనో నుంచి వచ్చేది నాలుగైదు కిలోలే. మనిషి తన బట్ట కోసం తయారుచేసుకున్న జీవం ఇది. దాన్ని ఏటా ఆ బరువు నుంచి విడిపించే బాధ్యత కూడా మనిషిదే.

పోగు లోపల ఏముంది

ఉన్ని పోగు కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన జుట్టూ గోళ్లూ కూడా దానితో అయినవే. అయితే ఉన్ని పోగు నిటారుగా ఉండదు, అల అలగా వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ వంకర్ల వల్ల పోగులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా నడుమ గాలిని నిలుపుకుంటాయి. చలిని ఆపేది చాలావరకు ఆ నిలిచిన గాలే.

తేమ విషయంలో ఉన్ని తీరు ఇంకా ఆసక్తికరం. పోగు పైపొర నూనె గుణంతో నీటి చుక్కను దూరం పెడుతుంది. లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. పీల్చుకునేటప్పుడు కొద్దిపాటి వేడిని కూడా విడుదల చేస్తుంది. కొండ ఎక్కుతూ చెమటపట్టిన మనిషి శిఖరం మీద చలిగాలిలో ఆగినప్పుడు నూలు చొక్కా మంచుముద్దలా ఒంటికి అంటుకుంటే, ఉన్ని చొక్కా వెచ్చదనం నిలుపుకోవడానికి కారణం ఇదే. చెమట వాసన కూడా ఉన్నిలో తొందరగా బయటపడదు. నిప్పురవ్వ పడితే పాలియెస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని కరగదు, 570 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని అంటుకోదు. చలిమంట పక్కన కూర్చునేవారికి ఇది చిన్న విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. పూర్తిగా తడిస్తే బరువెక్కుతుంది, ఆరడానికి చాలా సేపు పడుతుంది. పలచని మెరీనో బనీను బ్యాగు పట్టీ ఒరిపిడికి చిల్లులు పడుతుంది. బట్టపురుగుకు ఉన్ని ఇష్టమైన మేత.

పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒంటికి నేరుగా తగిలే బట్టకు వాడే మెరీనో పోగు సాధారణంగా 17 నుంచి 19.5 మైక్రాన్లు. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొస వంగకుండా చర్మాన్ని పొడుస్తుంది. ఉన్ని దురద పెడుతుందని చాలామంది అనుకునేది ఈ లావు పోగుల వల్లే. బట్టలో అలాంటివి నూటికి ఐదుకు మించకుండా చూసుకోవడం తయారీదారుల లెక్క. ఏ పోగు ఎక్కడ వాడాలన్నదే ఉన్ని విద్య. సన్నపోగు ఒంటికి ఆనే బట్టకు పనికొస్తుంది, లావుపోగు వానకూ గాలికీ ఎదురొడ్డే పైబట్టకు పనికొస్తుంది. ఒకదాని కొలబద్దతో మరొకదాన్ని కొలిస్తే రెండో దానికి అన్యాయం జరుగుతుంది.

స్పెయిన్ దాచుకున్న సొత్తు

మెరీనో ప్రపంచానికి తెలిసింది స్పెయిన్‌లో. వేసవిలో ఉత్తరపు కొండలకూ చలికాలంలో దక్షిణపు మైదానాలకూ వందల కిలోమీటర్లు నడిచే మందలు అవి. ఆ మందల యజమానుల సంఘం పేరు మెస్తా. 1273లో రాజు పదో అల్ఫోన్సో దానికి హక్కుపత్రం ఇచ్చాడు. మందలు నడిచే బాటలను దున్నకూడదు, అడ్డగించకూడదు. ఈ హక్కు రైతులతో శతాబ్దాల తగాదాలకు కారణమైంది. మెస్తా 1836లో రద్దయింది కాని, ఆ బాటల మీద హక్కు నేటికీ ఉందని గుర్తుచేయడానికి 1994 నుంచి మాడ్రిడ్ నగర వీధుల్లో గొర్రెల మందలను నడిపిస్తున్నారు.

మెరీనోలను దేశం దాటించడం చాలాకాలం కఠినంగా నిషేధించారు. 18వ శతాబ్దంలో ఆ పట్టు సడలింది. 1765లో రాజు కానుకగా కొన్ని గొర్రెలు జర్మనీలోని సాక్సనీకి వెళ్లాయి. 1786లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ మూడు వందలకు పైగా గొర్రెలను తెప్పించి రాంబుయే అనే చోట పెంచాడు. ఆ రాంబుయే రక్తం తరువాత భారతదేశపు మందలదాకా వచ్చింది.

1797లో కొన్ని మెరీనోలు దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చేరాయి. జాన్ మెకార్థర్, మతబోధకుడు శామ్యూల్ మార్స్‌డెన్ వంటివారు వాటిని వృద్ధి చేశారు. మార్స్‌డెన్ తన మంద ఉన్నిని 1807లో ఇంగ్లండ్ తీసుకువెళ్లి సూటు కుట్టించుకున్నాడు. ఆ బట్ట చూసి ముచ్చటపడిన రాజు మూడో జార్జ్ అతనికి తన మెరీనోలను బహూకరించాడు. న్యూజిలాండ్‌కు మొదట గొర్రెలను తెచ్చినవాడు కెప్టెన్ కుక్. 1773లో ఒడ్డుకు దించిన ఆ జంట కొద్దిరోజులకే చచ్చిపోయింది. 1982 నాటికి అదే దేశంలో 7 కోట్లకు పైగా గొర్రెలున్నాయి. ఇప్పుడవి దాదాపు రెండున్నర కోట్లకు తగ్గాయి.

ఈ కథలో చెప్పకుండా దాటేయలేని భాగం ఒకటుంది. ఆస్ట్రేలియాలో ఈ మేపుభూములన్నీ అక్కడి ఆదివాసుల నేలలు. గొర్రెల మంద ముందుకు సాగిన కొద్దీ వారు వెనక్కి నెట్టబడ్డారు. ఆ దేశం గొర్రె వీపు మీద ఎదిగిందని అక్కడ గర్వంగా చెప్పుకునేవారు. ఆ ఎదుగుదలకు నేల ఇచ్చినవారి పేరు ఆ మాటలో లేదు.

స్టేషన్‌లో ఒక ఏడాది

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఎత్తు కొండల స్టేషన్లు మన ఊహకు అందే పొలాల వంటివి కావు. ఒక్కొక్కటి వేల హెక్టార్లు. వేసవిలో గొర్రెలు కొండ పైభాగాల్లో తమంతట తాము మేస్తాయి. మంచు కురవకముందే వాటిని కిందికి దించాలి. అందరూ ఎదురుచూసే పని అదే. మనుషులు చేతికర్రలతో కాలినడకన శిఖరాల వెంబడి వరుసగా సాగుతారు, కుక్కలు లోయల్లోకి దిగి గొర్రెలను కూడగడతాయి. ఆ కుక్కలు రెండు రకాలు. హంటవే అనేది గట్టిగా మొరుగుతూ మందను వెనక నుంచి తరుముతుంది. హెడింగ్ డాగ్ అనేది నోరు విప్పదు, చూపుతోనే గొర్రెలను కట్టడి చేసి మళ్లిస్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్న కుక్కకు కాపరి ఈలతో చెప్పే ఆజ్ఞ అర్థమవుతుంది. మన కాపరులు నాలుకతో చేసే శబ్దాలకు మంద ఆగడం, మళ్లడం చూసినవారికి ఈ విద్య కొత్తగా అనిపించదు.

తరువాత కత్తిరింపు. షెడ్డులో కత్తిరించే మనిషి గొర్రెను కూర్చోబెట్టి, దాని వీపును తన మోకాళ్లకు ఆనించి పట్టుకుంటాడు. అలా పట్టు చిక్కిన గొర్రె పెనుగులాడదు. కడుపు దగ్గర మొదలుపెట్టి, కాళ్లూ మెడా వీపూ చుట్టి, రెండు మూడు నిమిషాల్లో ఉన్నినంతటినీ ఒకే పరుపుగా విడదీస్తాడు. ఆ పరుపును బల్ల మీదికి విసిరి పరిస్తే, పక్కనున్నవాళ్లు మురికి అంచులు తీసేస్తారు. ఉన్ని రకం నిర్ణయించే నిపుణుడు వేళ్లతో పోగు లాగి చూసి, పొడవూ బలమూ సన్నదనమూ అంచనా కట్టి వేర్వేరు బేళ్లకు పంపుతాడు. ఆస్ట్రేలియాలో ఈ పని రెండేసి గంటల చొప్పున రోజుకు నాలుగు విడతలు సాగుతుంది. వీపు వంచి చేసే ఈ పని ఎంత కష్టమో చేసేవాళ్ల నడుముకే తెలుసు.

యంత్రపు కత్తెర ఫ్రెడరిక్ వుల్స్‌లీ 1877లో తీసుకున్న పేటెంటుతో మొదలైంది. దానికి ముందు అంతా చేతి కత్తెరే. 1892లో క్వీన్స్‌లాండ్‌లోని ఆలిస్ డౌన్స్‌లో జాకీ హౌ అనే పనివాడు 7 గంటల 40 నిమిషాల్లో 321 గొర్రెల ఉన్ని చేతి కత్తెరతో తీశాడు. అతని పేరు ఒక బట్టకు కూడా నిలిచింది. కత్తిరింపు పనివాళ్లు తొడుక్కునే చేతుల్లేని ముదురురంగు బనీనును ఆస్ట్రేలియాలో నేటికీ జాకీ హౌ అనే అంటారు. న్యూజిలాండ్ ఎత్తు కొండల్లో చేతి కత్తెర ఇంకా పూర్తిగా పోలేదు. యంత్రం చర్మం దాకా గీసేస్తుంది. చేతి కత్తెర కాస్త ఉన్నిని గొర్రె మీద మిగులుస్తుంది, మంచు పడితే ఆ కాస్తే దాన్ని బతికిస్తుంది.

ఈ పనివాళ్లే ఆస్ట్రేలియా రాజకీయాలను కూడా మలుపు తిప్పారు. 1891లో క్వీన్స్‌లాండ్‌లోని బార్కల్‌డైన్ కేంద్రంగా జరిగిన వారి సమ్మె అణచివేతకు గురైంది. ఆస్ట్రేలియా లేబర్ పార్టీ పుట్టుకలో ఆ సమ్మెకు పెద్ద చోటు ఉంది.

కొండల మీదికి

ఉన్ని ఆరుబయలు బట్టగా మారిన తీరును మూడు ఉదాహరణలు బాగా చూపిస్తాయి. అమెరికాలో సి.సి. ఫిల్సన్ 1897లో సియాటిల్‌లో దుకాణం తెరిచి, క్లోండైక్ బంగారు వేటకు ఉత్తరాదికి పోయేవారికి దట్టమైన ఉన్ని కోట్లూ దుప్పట్లూ అమ్మాడు. న్యూజిలాండ్‌లోని న్యూ ప్లిమత్‌లో విలియం బ్రూమ్ అనే దర్జీ 1913లో స్వాన్‌డ్రై అనే పేరు నమోదు చేయించి, వాన ఆపే ఉన్ని చొక్కా తయారుచేశాడు. మోకాళ్లదాకా వచ్చే ఆ చొక్కా అడవి పనివాళ్లకూ కాపరులకూ వేటగాళ్లకూ నిత్య ధారణ అయింది.

మూడోది ఎవరెస్ట్. 1924 జూన్ 8న శిఖరం వైపు సాగుతూ కనుమరుగైన పర్వతారోహకుడు జార్జ్ మేలరీ దేహం 1999 మే 1న దొరికింది. ఆయన ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని పొరలు, పైన గాలిని ఆపే గబర్డీన్ కోటు ఉన్నాయి. అంతకాలం ఆ బట్టలు చాలవన్న అభిప్రాయం బలంగా ఉండేది. పరిశోధకులు ఆ ముక్కలను పరీక్షించి అచ్చు అలాంటి బట్టలే కుట్టించారు. 2006లో పర్వతారోహకుడు గ్రాహం హోయ్‌లాండ్ వాటిని ఎవరెస్ట్ మీదే తొడుక్కుని చూసి, అవి తేలికగా, వెచ్చగా ఉన్నాయని చెప్పాడు. పలచని పొరలు ఒకదానిమీద ఒకటి వేసుకోవాలని నేడు ప్రతి ట్రెక్కింగ్ దళం చెప్పే సూత్రాన్ని ఆ తరం ఆచరించింది. మేలరీ సహచరుడు ఆండ్రూ ఇర్విన్ ఆనవాలు 2024లో దొరికినప్పుడు, అతన్ని గుర్తుపట్టింది కూడా మేజోడుకు కుట్టిన పేరు చీటీతోనే.

1950ల మొదట్లో కొరియా యుద్ధం వచ్చింది. చలిలో సైనికులకు బట్టలు కావాలి. ఆస్ట్రేలియాలో పౌను బరువు ఉన్నికి పౌను డబ్బు పలికిన కాలం అది. తరువాత కృత్రిమ పోగులు వచ్చాయి. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ పాలియెస్టర్‌తో ఉన్నిలాంటి మెత్తని ఫ్లీస్ బట్ట తయారుచేసింది. తేలిక, చౌక, తొందరగా ఆరుతుంది. కొండలెక్కేవాళ్లు అటు మళ్లారు. ఆస్ట్రేలియా మాత్రం ఉన్నికి కనీస ధర హామీ ఇస్తూ, అమ్ముడుపోనిది కొని నిల్వచేస్తూ పోయింది. 1991 ఫిబ్రవరిలో ఆ పథకం కుప్పకూలేనాటికి గోదాముల్లో 47 లక్షల బేళ్లున్నాయి. గొర్రెలను మేపే ఖర్చు కూడా గిట్టక లక్షలకొద్దీ తుపాకీతో కాల్చి పూడ్చారు. నిల్వ తరగడానికి 2001 దాకా పట్టింది. అప్పట్లో 17 కోట్లకు చేరిన ఆ దేశపు గొర్రెలు తరువాత సగానికి పైగా తగ్గిపోయాయి.

ఆ పతనం తరువాతే సన్న మెరీనోకు కొత్త దారి తెరుచుకుంది. 1990ల నడుమ న్యూజిలాండ్‌లో జెరెమీ మూన్ అనే యువకుడికి ఒక మెరీనో రైతు తన ఉన్నితో చేసిన టీషర్టు ఇచ్చాడు. దాని నుంచి పుట్టినదే ఐస్‌బ్రేకర్ సంస్థ. అదే కాలంలో అమెరికాలోని కొలరాడోలో స్మార్ట్‌వూల్ మెరీనో సాక్సులతో మొదలైంది. ఐస్‌బ్రేకర్ చేసిన అసలు మార్పు వేలం పాటను పక్కనపెట్టి, రైతులతో ఏళ్ల తరబడి నిలిచే ధర ఒప్పందాలు చేసుకోవడం. తన ఉన్ని ఎవరి ఒంటి మీదికి వెళుతుందో రైతుకూ, తన చొక్కా ఏ కొండ నుంచి వచ్చిందో కొనేవారికీ తెలిసింది. ఉన్ని పరిశ్రమలో గత యాభై ఏళ్లలో జరిగిన మేలైన పని ఇదే అనవచ్చు.

వెలలో కనిపించని ఖర్చులూ ఉన్నాయి. మెరీనో చర్మం ముడతల్లో ఈగలు గుడ్లు పెడితే పురుగులు గొర్రెను బతికుండగానే తింటాయి. దాన్ని ఆపడానికి తోక చుట్టూ చర్మం కోసేసే మ్యూల్సింగ్ అనే పద్ధతి ఆస్ట్రేలియాలో ఇంకా సాగుతోంది. న్యూజిలాండ్ 2018లో దాన్ని నిషేధించింది. యంత్రంలో ఉతికినా కుంచించుకుపోని ఉన్ని కోసం పోగు మీది పొలుసులను క్లోరిన్‌తో సరిచేసి పైన పలుచని పొర పూస్తారు. ఆ నీటిని శుద్ధి చేయకుండా వదిలితే కాలువలు చెడతాయి. అతిగా మేపితే కొండే పోతుంది. న్యూజిలాండ్‌లో అన్నింటికన్నా పెద్దదైన మోల్స్‌వర్త్ స్టేషన్‌ను 1930ల చివర, కుందేళ్లూ అతిమేపూ పాడుచేశాక, ప్రభుత్వం చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ పశువులే మేస్తున్నాయి.

దక్కన్ నల్ల గొర్రె

భారతదేశం సన్న ఉన్ని కోసం నేటికీ ఆస్ట్రేలియా మీద ఆధారపడుతోంది. 1962లో రాజస్థాన్‌లోని అవికానగర్‌లో నెలకొన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ఇక్కడి జాతులను రాంబుయే, రష్యన్ మెరీనోలతో కలిపి భారత్ మెరీనోను తయారుచేసింది. ఆ మందను కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో పెంచుతున్నారు.

మన నేలకు తనదైన ఉన్ని బట్ట ముందే ఉంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకలే. అది మాంసపు జాతి. ఉన్ని ఇచ్చేది తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మెట్ట నేలల్లో తిరిగే దక్కనీ నల్ల గొర్రె. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా దాని నుంచి వచ్చేది కిలోకు అటూ ఇటు. పోగు మెరీనో కన్నా రెండింతలకు పైగా లావు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆ లావుపోగుతోనే గొంగడి నిలిచింది. ఉన్నిని ఏకి, ఇంటి ఆడవాళ్లు రాట్నం మీద వడికి, గుంత మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడతారు. బిగుతుగా నేసిన ఆ బట్ట వానను పైనే ఆపుతుంది. కాపరికి అది వానకు కప్పు, చలికి దుప్పటి, రాత్రి మంద దగ్గర పరుపు, ఎండకు నీడ. పురుగూ పుట్రా గొంగడి మీదికి రావని నమ్మకం. రోజులకొద్దీ మందతో బయట తిరిగేవాడు మోయగలిగినది ఒక్కటే బట్ట అయితే, అది ఇన్ని పనులూ చేయాలి. తెలంగాణలో కురుమలు గొర్రెలను మేపడమే కాక గొంగళ్లూ నేస్తారు. అనంతపురం వైపు కురుబలు నేసేది కంబళి. బీరప్ప, మల్లన్నల కథలు చెప్పే ఒగ్గు కళాకారుల భుజం మీదా, ఊరికి వచ్చిన నాయకుడికి చేసే సన్మానంలోనూ గొంగడి ఉంటుంది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఉన్ని మాత్రం ఆ లెక్కకు తగ్గట్టు లేదు. మాంసం ధర పెరిగేకొద్దీ కాపరులు ఉన్ని లేని ఎర్ర గొర్రెల వైపు మళ్లారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో, ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ ఒక యూనిట్‌గా పంచిన పథకంలోనూ దృష్టి మాంసం మీదే. మిల్లు నుంచి వచ్చే చౌక దుప్పట్లు గొంగడి చోటు ఆక్రమించాయి. కత్తిరింపు కూలి కూడా గిట్టక ఉన్నిని పారేస్తున్న ఊళ్లున్నాయి. లోపం ఆ ఉన్నిలో లేదు. మెరీనో కొలబద్దతో చూసి దాన్ని ముతక అని కొట్టిపారేసిన చూపులో ఉంది. హైదరాబాద్‌లోని ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థ గొంగడి బట్టతో పొలం పనికి పనికొచ్చే బూట్లు తయారుచేయడం సరైన దిశలో పడిన అడుగు.

గొర్రెలు పంచే పథకాల్లో కోరినవారికి దక్కనీ జతలను ఇవ్వాలి. ఉన్ని ఏకే యంత్రాలను ఊళ్లకు చేర్చాలి. న్యూజిలాండ్ రైతులకు దొరికినట్టు నిలకడైన ధర ఒప్పందం ఇక్కడి కురుమలకూ దొరకాలి. కొండలకు వెళ్లేవారు ఒంటికి ఆనేలా మెరీనో బనీను వేసుకోవచ్చు. కింద పరుచుకోవడానికీ పైన కప్పుకోవడానికీ మాత్రం ఒక చేనేత గొంగడిని, వీలైతే నేసినవారి దగ్గరే, వారు చెప్పిన ధరకే కొనాలి.